పందెపు బాటలో కమ్మరి బిడ్డ

సాయంకాలం శిక్షణాలయాలు విడిచిపెట్టే వేళకు దిల్‌సుఖ్‌నగర్ కూడలిలో నిలిచి చూచినవారికి రహదారి కనబడదు, ద్విచక్ర వాహనాలే కనబడతాయి. అక్కడి నుండి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి లాల్ బహదూర్ నగర్ కూడలి చేరే వరకు నెత్తిమీద మెట్రో రైలు, క్రింద మోటారు సైకిళ్ల ప్రవాహం. ఎర్రదీపం ముందు ఆగిన ఆ బండ్లలో ఎన్నింటి మీదనో హోండా అనే పేరు కనబడుతుంది. ఒకమారు ఈ వ్యాసకర్త ఆ ప్రాంతపు విద్యార్థులను కొందరిని ఆ మాటకు అర్థమేమని అడిగినాడు. జపాను దేశంలో ఒక ఊరని ఒకడు, వేగమని ఒకడు, కంపెనీ అని తక్కినవారు చెప్పినారు. అది ఒక మనిషి పేరని, ఆ మనిషి ఒక పల్లెటూరి కమ్మరి కొడుకని చెప్పిన వారు లేరు.

అర్ధరాత్రి దాటిన పిమ్మట విజయవాడ దారి మీద ఆ బండ్లతోనే అప్పుడప్పుడు మరొక వేడుక జరుగుతూ ఉంటుంది. నిద్రపోతున్న ఇండ్లవారు ఉలిక్కిపడి లేచేటట్లు పిల్లలు పందేలు వేసుకొని పరుగులు తీస్తారు. తెల్లవారి పత్రికలో ఒక పేరు, ఒక వయస్సు పడుతుంది. ఆ వయస్సు ఇరువది దాటి ఉండుట అరుదు. పందెమంటే ఆ పిల్లలకు ప్రాణం. సోయిచిరో హోండాకు కూడ పందెమంటే ప్రాణమే. జపాను దేశపు మోటారు సైకిలు పందేల తొలి చరిత్ర చాలవరకు అతని చరిత్రతో పెనవేసుకొని ఉన్నది. అయితే అతడు పందెం దేనికి ఆడినాడు, దానికి ఏ మూల్యం చెల్లించినాడు అన్నది వేరు సంగతి. అది తెలిసికొనుటకు కొంచెం వెనుకకు పోవలసి ఉన్నది.

సోయిచిరో 1906 నవంబరు 17వ తేదీన షిజువోకా మండలంలోని కోమ్యో అనే గ్రామంలో జన్మించినాడు. తండ్రి గిహెయి కమ్మరి. తల్లి మికా మగ్గం నేసేది. తండ్రి తరువాతి కాలంలో సైకిళ్లు బాగుచేసే దుకాణం పెట్టినాడు. కొలిమి మంట, సమ్మెట దెబ్బ, సైకిలు చక్రం, ఇవే ఆ బాలుని ఓనమాలు. గ్రామానికి మొట్టమొదటిసారిగా ఒక మోటారు కారు వచ్చిన దినాన అతడు దాని వెంట పరుగెత్తి, అది ఆగినచోట నేలమీద కారిన నూనెను ముక్కుకు, చేతులకు పూసుకొన్నాడు. ఆ వాసన తనను జీవితాంతం విడువలేదని ముసలితనంలో కూడ చెప్పుకొనేవాడు. 1917 ప్రాంతాన హమమత్సు పట్టణంలో ఒక అమెరికను వైమానికుడు విమానం ఎగురవేసి చూపుతున్నాడని విని, తండ్రికి చెప్పకుండ ఆయన సైకిలు తీసికొని, సీటు అందక చట్రం నడుమ కాలు దూర్చి త్రొక్కుతూ, ఇరువది కిలోమీటర్లు పోయినాడు. లోపలికి పోవుటకు టిక్కెట్టు కొనే డబ్బు లేదు. ప్రక్కనున్న దేవదారు చెట్టెక్కి చూచినాడు.

చదువు మాత్రం అంతంత మాత్రమే. ఉపాధ్యాయులు ఈ ఘట్టాన్ని చదివి నవ్వుకొందురు గాక. ఆ రోజులలో జపాను బడులలో పిల్లల మార్కుల పత్రాన్ని ఇంటికి పంపి, తండ్రి చూచినట్లు ఇంటి ముద్ర వేయించి తెమ్మనేవారు. అక్కడ సంతకానికి బదులు ముద్రయే ఆచారం. సోయిచిరో సైకిలు పెడలుకు ఉండే రబ్బరు ముక్కను చెక్కి తండ్రి ముద్రకు నకలు తయారుచేసినాడు. అది చక్కగా పారినది. స్నేహితులు తమకు కూడ కావాలన్నారు. వారికీ చెక్కి యిచ్చినాడు. అక్కడ చిక్కు వచ్చినది. ముద్రలో అక్షరాన్ని అద్దంలో కనబడేటట్లు తిరగవేసి చెక్కవలసి ఉంటుంది. జపాను లిపిలో హోండా అనే పేరును నిలువుగా వ్రాస్తే కుడి ఎడమలు ఒక్క తీరుగానే ఉంటాయి కనుక తిరగవేయకున్నను తప్పు తెలియదు. స్నేహితుల పేర్లు అట్టివి కావు. అన్నీ తలక్రిందులై దొంగతనం బయటపడినది. తండ్రి చేతిలో దెబ్బలు గట్టిగానే పడినవి. ఆ రబ్బరు ముక్కలోనే ఆ బాలుని చేతి నేర్పు, తొందరపాటు రెండును ఉన్నవి. ఈ రెండూ కడవరకు అతనితో కలిసియే నడిచినవి.

1922లో బడి చదువు ముగించి టోక్యో నగరంలో ఆర్ట్ షోకాయ్ అనే మోటారు మరమ్మతుల కర్మాగారంలో చేరినాడు. కొన్ని నెలల వరకు అతనికి దొరికిన పని యజమాని బిడ్డను ఎత్తుకొని ఆడించుట మాత్రమే. సామాను సర్దుకొని ఇంటికి పారిపోదామనుకొన్న దినాలు కూడ కలవు. 1923 సెప్టెంబరు 1వ తేదీన వచ్చిన మహాభూకంపం టోక్యోను నేలమట్టం చేసినది. కర్మాగారానికి నిప్పంటుకొనగా, బాగుచేయుటకు వచ్చిన ఖాతాదారుల కార్లను ఒక్కొక్కరు ఒక్కొక్కటి బయటికి నడిపి కాపాడినారు. సోయిచిరో కారు నడుపుట అదే మొదలు.

ఆ కర్మాగారపు యజమాని యూజో సకాకిబారాకు పందేల పిచ్చి. పాత అమెరికను కారు చట్రంలో ఒక కర్టిస్ విమానపు ఇంజనును అమర్చి పందెపు కారు తయారుచేసినారు. దాని చక్రాల కఱ్ఱ ఆకులను సోయిచిరోయే తన చేతులతో చెక్కినాడు. 1924 నవంబరు 23వ తేదీన జరిగిన పందెంలో యజమాని తమ్ముడు షినిచి దానిని నడుపగా, ఇరువదేండ్లయినా నిండని సోయిచిరో సహాయక యంత్రకారుడుగా ప్రక్కన కూర్చున్నాడు. ఆ కారు గెలిచినది. అటుపిమ్మట 1928లో హమమత్సు పట్టణంలో అదే కర్మాగారానికి శాఖను తెరచి తన కాళ్లమీద నిలిచినాడు.

మోటారు సైకిలు పందేలు అప్పటికే జపానులో లేకపోలేదు. తొలినాళ్లలో అవి గుర్రపు పందేల మైదానాలలోను, మట్టి నేలల మీదను జరిగేవి. మన మలక్‌పేటలో 1886లో ఆరవ నిజాము కాలాన వెలసిన గుర్రపు పందెపు మైదానాన్ని ఎరిగిన దిల్‌సుఖ్‌నగర్ వాసులకు ఆ దృశ్యాన్ని ఊహించుకొనుట కష్టం కాదు. గుర్రాలు పరుగెత్తవలసిన వలయంలో ధూళి రేపుతూ యంత్రాలు పరుగెత్తేవి. ఆ యంత్రాలలో మేలైనవి ఇంగ్లండు, అమెరికాల నుండి వచ్చినవే. 1930లో కెంజో టాడా అనే యువకుడు ఒంటరిగా ఓడ, రైలు ఎక్కి ఐల్ ఆఫ్ మాన్ ద్వీపం చేరి, వెలోసెట్ అనే ఇంగ్లీషు బండి మీద అక్కడి పందెంలో 15వ వాడుగా వచ్చినాడు. ఆ పందెంలో పాల్గొన్న తొలి జపాను వాడు అతడే. అయితే మనిషి జపాను వాడు, బండి పరాయిది. ఈ వెలితి తీరుటకు ఇంకొక ముప్పది సంవత్సరాలు పట్టినది.

1936 జూను 7వ తేదీన తమా నది ఒడ్డున కొత్తగా కట్టిన తమగావా పందెపు బాట మీద మొదటి పోటీ జరిగినది. పందేల కొరకే శాశ్వతంగా కట్టిన బాట జపానులో అదే మొదటిది. హోండా తాను తయారుచేసిన ఫోర్డు ఇంజను కారును తానే నడిపినాడు. ప్రక్కన తమ్ముడు బెంజిరో కూర్చున్నాడు. వేగంగా పోతున్న వారి కారు, మరమ్మతు తావు నుండి బాట మీదికి వస్తున్న మరొక కారును ఢీకొని గాలిలో గిరికీలు కొట్టినది. హోండా గాయాలతో బయటపడినాడు. తమ్మునికి వెన్నెముక విరిగినది. పెండ్లి అయి సంవత్సరం కూడ తిరగని భార్య సాచి, తల్లిదండ్రులు ఎంత కుమిలినారో చెప్పనక్కరలేదు. కొలది కాలంలోనే అతడు పందెపు కారు నడుపుట మానుకొన్నాడు. పందెం మీద ఆశ మాత్రం చావలేదు.

అంతట పిస్టన్ రింగులు తయారుచేయబూనినాడు. ఇంజను గొట్టంలో పిస్టను పైకి క్రిందికి ఆడుతూ ఉంటే దాని చుట్టూ బిగుతుగా ఉండి, మండిన వాయువు క్రిందికి జారకుండ, నూనె పైకి పోకుండ కాపాడే సన్నని లోహపు కడియమే పిస్టన్ రింగు. చూచుటకు అల్పం. పోత పోస్తే అయితే పెళుసుగా విరిగేది, లేకున్న బండకట్టేది. రాత్రింబగళ్లు శ్రమించి, భార్య నగలు కూడ తాకట్టుపెట్టి, కడపట లోహశాస్త్రం తెలియనిదే పని జరగదని ఒప్పుకొన్నాడు. ముప్పది ఏండ్ల వయస్సులో, సొంత కర్మాగారం గల యజమాని, హమమత్సు సాంకేతిక విద్యాలయంలో చిన్న పిల్లల సరసన కూర్చున్నాడు. రింగులో సిలికాను పాలు తక్కువైనదని అక్కడి ఆచార్యుడు చెప్పినప్పుడు గాని అతనికి గుట్టు తెలియలేదు. ఆ తరువాత కూడ టొయోటా కంపెనీకి పరీక్షకు పంపిన 50 రింగులలో 3 మాత్రమే నెగ్గినవని చెబుతారు.

ఆ విద్యాలయంలో అతడు తనకు కావలసిన పాఠాలే విని, వ్రాత పరీక్షలకు కూర్చొనలేదు. పట్టా ఇవ్వమని అధికారులు చెప్పగా, సినిమా టిక్కెట్టు కొన్నవానికి కనీసం లోపల కూర్చొనుటకు చోటైనా దొరుకుతుంది, పట్టా ఆ మాత్రం కూడ చేయలేదని జవాబిచ్చినాడు. ఇందుకు నేటి విద్యార్థులు మురిసిపోయి పుస్తకాలు మూసిపెట్టవద్దు. అతడు చదువును తోసిపుచ్చలేదు, పట్టాను తోసిపుచ్చినాడు. తనకు తెలియదని తెలిసినప్పుడు మీసాలు వచ్చిన తరువాత కూడ బడి బల్ల మీద కూర్చొనుటకు సిగ్గుపడలేదు. అయితే అతడు నమ్మిన పరీక్ష వేరు. అందులో అడుగువారు లేరు, దిద్దువారు లేరు. ఇంజను నిలిచితే నెగ్గినట్లు, ఆగితే తప్పినట్లు.

యుద్ధకాలంలో ఒక కర్మాగారం బాంబులకు, మరొకటి 1945 జనవరిలో వచ్చిన భూకంపానికి కూలిపోయినవి. మిగిలిన దానిని 4,50,000 యెన్లకు టొయోటాకు అమ్మివేసి, ఒక సంవత్సరం పాటు వేణువు ఊదుతూ, ఇంట సారాయి కాచుకొంటూ గడిపినాడు. ఓడిన దేశంలో అన్నం లేదు, రైళ్లలో చోటు లేదు. భార్య సాచి సైకిలు మీద మైళ్లకొలది పోయి పల్లెలలో బియ్యం తెచ్చేది. ఒకనాడు సైన్యపు రేడియోలకు విద్యుత్తు నిచ్చుటకు వాడిన చిన్న ఇంజను ఒకటి హోండా కంటబడినది. దానిని సైకిలుకు బిగించినాడు. పెట్రోలు తొట్టికి బదులు పడకలో కాళ్లు వెచ్చగా ఉంచుకొనే వేడినీళ్ల సీసాను అమర్చినాడు. మొట్టమొదట దానిని ఊరి వీధులలో నడిపి చూచినది సాచియే. పెట్రోలు కరువు కనుక దేవదారు నూనె కలిపి పోసేవారు. చప్పుడునుబట్టి జనం దానికి బటబటా అని పేరు పెట్టినారు. 1948 సెప్టెంబరు 24వ తేదీన హోండా మోటారు కంపెనీ స్థాపన జరిగినది. మరుసటి సంవత్సరం డ్రీమ్ అనే అసలైన మోటారు సైకిలు తయారైనది. ఆ సంవత్సరమే తకేవో ఫుజిసావా కంపెనీలో చేరినాడు. డబ్బు లెక్కలు, అమ్మకాలు అతనివి, యంత్రాలు హోండావి.

అప్పటికి జపానులో వందకు పైగా మోటారు సైకిలు తయారీదారులు లేచినారు. కొన్ని కర్మాగారాలు పశువుల కొట్టాల కంటే పెద్దవి కావు. ఎవరి బండి గట్టిదో తేల్చవలెనంటే పందెం తప్ప మార్గం లేదు. 1953లో నగోయాలోను, ఫూజీ పర్వతం మీదికి ఎక్కే దారిలోను పోటీలు జరిగినవి. 1955 నవంబరులో అసామా అగ్నిపర్వతపు పాదాన, బూడిద మట్టి నిండిన రోడ్ల మీద దేశమంతటి తయారీదారులకు ఓర్పు పందెం పెట్టినారు. హోండా తప్పక గెలుస్తాడనుకొన్నారు. పెద్ద తరగతులలో గెలిచినాడు కాని, అందరి కన్నులు ఉన్న 125 సి.సి. తరగతిలో, సంగీత వాద్యాలు చేసే యమహా వారు ఆ సంవత్సరమే తయారుచేసిన తొలి మోటారు సైకిలు అతనిని ఓడించినది. 1957లో రెండవ పోటీలో కూడ చిన్న తరగతులలో యమహాదే పైచేయి. ఓటమిని హోండా శాంతంగా పుచ్చుకొనేవాడు కాడు. కోపం వస్తే చేతిలో ఉన్న పానాతో పనివాండ్లను కొట్టేవాడని అతని కంపెనీ వారే చెప్పుకొన్నారు. గొప్పవారి చరిత్రలలో ఇట్టివి దాచుట మన వాడుక. దాచితే మనిషి మిగలడు.

ఇంతకు ముందే, 1954 మార్చి 20వ తేదీన, అతడు ఐల్ ఆఫ్ మాన్ పందెంలో తన బండ్లను దింపి గెలుస్తానని ఉద్యోగులందరికీ ప్రకటన విడుదల చేసినాడు. ఇంగ్లండుకు ఐర్లండుకు నడుమ సముద్రంలో ఉన్న ఆ చిన్న ద్వీపంలో 1907 నుండి ఆ పందెం జరుగుతున్నది. ఇంగ్లండు గడ్డ మీద ప్రజల రోడ్లను పందేలకు మూయుట చట్టం ఒప్పుకొననందున, తన చట్టాలు తనకు గల ఆ ద్వీపానికి పోయి, రోడ్లు మూసి, జనాన్ని తప్పించి, పరుగెత్తే ఏర్పాటు చేసికొన్నారు. అర్ధరాత్రి విజయవాడ దారిని పందెపు బాట చేసికొనే మన పిల్లలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొందురు గాక. ఆ ప్రకటన నాటికి హోండా కంపెనీ దివాలా అంచున ఉన్నది. కోట్ల యెన్లు పోసి విదేశీ యంత్రాలు కొన్నారు. అమ్మిన బండ్లలో లోపాలు బయటపడుతున్నవి. సరుకు ఇచ్చినవారికి బాకీలు నిలిచిపోయినవి. అట్టి సమయంలో ప్రపంచంలో మేటి పందెం గెలుస్తానని చెప్పినవానిని వెఱ్ఱివాడనక ఏమంటారు?

ఆ జూనులో అతడే పోయి పందెం కళ్లారా చూచినాడు. జర్మనీ వారి ఎన్.ఎస్.యు. బండి అదే పరిమాణపు ఇంజనుతో తన బండికి దాదాపు మూడింతల శక్తినిస్తున్నది. గుండె జారినది. అయినను తిరుగు ప్రయాణంలో టైర్లు, గొలుసులు, కార్బురేటర్లు కొని మూటకట్టి తెచ్చినాడు. వాటిని విప్పి, కొలిచి, తమవి పగులగొట్టి, మరల చేసి, అయిదేండ్లు గడిపినారు.

1959 జూను 3వ తేదీన 125 సి.సి. పందెం. యువ ఇంజనీరు కియోషి కవాషిమా నాయకత్వాన వచ్చిన జపాను కుఱ్ఱవాండ్రకు తారు వేసిన బాట మీద పందెమాడిన అలవాటు లేదు. నవోమి తానిగుచి 6వ వాడుగా, గియిచి సుజుకి 7వ వాడుగా, తేయిసుకే తనకా 8వ వాడుగా, జుంజో సుజుకి 11వ వాడుగా వచ్చినారు. గెలుపు ఇటలీ బండిది. కాని ఆ నలుగురి బండ్లు కడవరకు నిలిచి గమ్యం చేర్చినవి, జట్టు బహుమానం హోండాకు దక్కినది. వేగం మొదట రాలేదు, నిలకడ మొదట వచ్చినది. ఆ కమ్మరి బిడ్డ నమ్మిన పరీక్షలో ఇది మొదటి తరగతి ఉత్తీర్ణత.

1961లో ఫలం చేతికి వచ్చినది. స్పెయినులో ఆస్ట్రేలియా వాడు టామ్ ఫిల్లిస్ హోండాకు తొలి ప్రపంచ స్థాయి విజయం తెచ్చినాడు. మే నెలలో పశ్చిమ జర్మనీలో కునిమిత్సు తకహాషి 250 సి.సి. పందెం గెలిచినాడు. అంతటి పందెం గెలిచిన తొలి జపాను వాడు అతడే. కెంజో టాడా నాటి వెలితి ఆనాటితో తీరినది. మనిషి, బండి రెండును జపానువే. జూనులో ఐల్ ఆఫ్ మాన్‌లో ఇంగ్లీషు వాడు మైక్ హెయిల్‌వుడ్ 125, 250 తరగతులు రెండింటిని హోండా బండ్ల మీద గెలిచినాడు. రెండింటిలోను మొదటి అయిదు స్థానాలు హోండావే. 1966లో ఒంటి బండ్ల అయిదు తరగతులలోను తయారీదారుల బిరుదులు ఆ కంపెనీకే వచ్చినవి.

ఈ జాబితా ప్రక్కన మరొక జాబితా ఉన్నది. 1960లో జర్మనీలో సాధన చేస్తూ హోండా బండి మీద బాబ్ బ్రౌన్ మరణించినాడు. తొలి విజయం తెచ్చిన టామ్ ఫిల్లిస్ 1962లో ఐల్ ఆఫ్ మాన్‌లోనే ప్రాణం విడిచినాడు. తకహాషి ఆ సంవత్సరమే అక్కడే తీవ్రంగా గాయపడి బ్రతికి బయటపడినాడు. రోడ్లు మూసిన చోట, శిరస్త్రాణాలు పెట్టుకొన్నవారికి, తమ పనిలో ఆరితేరిన వారికి జరిగినది ఇది.

ఇంట శిక్షణకు సరియైన బాట లేదని హోండా కంపెనీ తన ఖర్చుతో సుజుకా అనే చోట పందెపు బాట కట్టించి 1962లో తెరచినది. మొదటి నక్షాలో బాట వరిపొలాల మీదుగా పోయింది. అన్నం పెట్టే పొలాన్ని చెరుపరాదని హోండా పట్టుబట్టగా, దానిని గుట్టల మీదికి జరిపినారు. పల్లె వాసన పోలేదన్నమాట.

కార్ల పందేలలో మాత్రం అతని మొండితనం ఒక ప్రాణం తీసినదని చెప్పక తప్పదు. ఇంజనును నీటితో కాక గాలితోనే చల్లార్చవలెనని అతని పట్టు. యువ ఇంజనీర్లు వద్దన్నారు. ఆ కారును నడిపి చూచిన జాన్ సర్టీస్ అది పందేనికి తగినది కాదన్నాడు. అయినను 1968 జూలైలో ఫ్రాన్సులో దానిని దింపినారు. జో ష్లెసర్ అనే పందెగాడు ఆ కారుతోపాటు కాలిపోయినాడు. కాలక్రమాన హోండా తన పట్టు విడిచి నీటి ఇంజనుకు ఒప్పుకొన్నాడు. పొగ తక్కువ విడిచే ఇంజనును ఆ యువకులే తయారుచేసినప్పుడు, దీనితో అమెరికా పెద్ద కంపెనీలను ఓడించవచ్చునని అతడు సంబరపడగా, తాము చేసినది పోటీకి కాదు, జనం పీల్చే గాలి కొరకని వారు బదులు చెప్పినారట. తన కాలం చెల్లినదని అతనికి అప్పుడు తోచినది. 1973లో ఫుజిసావాతో కలిసి పదవి విడిచినాడు. అధ్యక్ష స్థానం కొడుకులకు గాని తమ్మునికి గాని పోలేదు. నాడు ఐల్ ఆఫ్ మాన్‌కు జట్టును నడిపిన కవాషిమాకు పోయింది. హోండా దేశమంతట తిరిగి తన కర్మాగారాలలోను దుకాణాలలోను పనిచేసేవారికి ఒక్కొక్కరికి చేయి కలిపి వచ్చినాడు. నూనె చేతులని వెనుకకు తీసిన పనివానితో, ఆ నూనెయే తనకు ఇష్టమని చెప్పి ఆ చేయి పట్టుకొన్నాడని కథ ఉన్నది. కోమ్యో గ్రామపు వీధిలో కారు వెంట పరుగెత్తిన బాలుడు ఆ మాట అనలేదని నమ్ముట కష్టం.

అతని పేరు మన వీధులకు వచ్చినది 1984లో హీరో సైకిళ్ల వారితో కుదిరిన ఒప్పందం వలన. మరుసటి సంవత్సరం సి.డి. 100 అనే బండి వచ్చినది. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే ఆ బండిని ఎందరో ఉపాధ్యాయులు కిస్తుల మీద కొన్నారు. ఆ రెండు కంపెనీలు 2010లో విడిపోవ నిశ్చయించుకొన్నవి. పేరు మాత్రం మన వీధులలో నిలిచినది.

1991 ఆగస్టు 5వ తేదీన తన 84 ఏండ్ల వయస్సులో సోయిచిరో హోండా టోక్యోలో కన్నుమూసినాడు. కార్లు, మోటారు సైకిళ్లు చేసి బ్రతికినవాని శవయాత్రకు కార్లు బారులు తీరి, రోడ్లు నిలిచిపోయి, జనం ఇబ్బంది పడరాదని ముందుగానే చెప్పిపోయినాడు. కంపెనీ వారు ఆడంబరంగా అంత్యక్రియలు జరుపలేదు. తమ కర్మాగారాలలోనే అతని బండ్లను వరుసగా నిలిపి, చూడవచ్చినవారికి చూపి, కృతజ్ఞత చెప్పి పంపినారు.